చాందినికి తలనొప్పి

గుర్రానికి పెట్టిన కిటికీ కంటే తనకు పెట్టిన కిటికీ చిన్నదని ఖైరున్నీసా లారీ ఎక్కగానే గమనించింది. గమనించి నవ్వుకుంది. ఆమె మొగుడు మౌలా సాహెబ్ ఇరవై ఏండ్లుగా పెండ్లిండ్లకు గుర్రాన్ని తోలుతున్నాడు. ఆ ఇంట్లో ఏది కట్టినా ముందు గుర్రం కొలతలే తీస్తారు.

అయినా ఆ లారీని చూస్తుంటే ఆమెకు కడుపు నిండినట్టుగా ఉంది. ఇన్నేండ్లూ గుర్రాన్ని బాడుగ వ్యానులో ఎక్కించి పంపి, తామేమో బస్సులో పోయేవాళ్లు. పెండ్లి జరిగే చోట షామియానా పక్కన పట్ట పరుచుకొని పడుకునేవాళ్లు. ఈ ఏడు పాత మినీ లారీ ఒకటి కొని, నంద్యాలలో ఆత్మకూరు రోడ్డు మీదున్న ఫ్రాన్సిస్ షెడ్డులో ఇచ్చి కొత్తగా బాడీ కట్టించారు. వెనక సగం చాందినిది. చాందిని అంటే వాళ్ల తెల్లగుర్రం. కాళ్లు జారకుండా కింద రబ్బరు పట్టా, ఒరుసుకోకుండా రెండు పక్కలా మెత్త, మూతి బయట పెట్టుకునేంత కిటికీ, పైన ఫ్యాను. ముందు సగం మనుషుల రూము. రెండు మంచాలు, గ్యాసు పొయ్యికి ఒక గట్టు, ఒక ఫ్యాను, ఒక బల్బు. వైశాఖమంతా ఊరి నుంచి ఊరికి ఆ రూములోనే కాపురం.

తెచ్చిన అన్నం క్యారియర్ గట్టు మీద పెట్టి, పైనున్న బల్ల అందుకోవడానికి ఆమె మునివేళ్ల మీద నిలబడింది. అందలేదు.

"ఫ్రాన్సిస్, ఈ గిన్నెల బల్ల ఎవురి ఎత్తుకు కొట్టినావప్పా?"

కింద వెల్డింగు కళ్లద్దాలు నెత్తికెత్తుకొని నిలబడ్డ ఫ్రాన్సిస్ మౌలా సాహెబ్ వైపు చూశాడు. "అన్న ఎత్తుకక్కా. చెయ్యి ఎత్తి చూపించినాడు, ఆడికి కొట్టినా."

"వంట ఆయన చేస్తాడంటనా?"

ఫ్రాన్సిస్ పకపకా నవ్వి, సాయంత్రానికి దించుతానన్నాడు. మౌలా సాహెబ్‌కూ నవ్వొచ్చింది గానీ మీసం దువ్వుకుంటూ దాన్ని ఆపుకున్నాడు.

ఆమె మంచం మీద కూర్చుంది. కాలి మడమకు ఏదో ఇనుప పెట్టె తగిలింది. వంగి చూస్తే మంచం కింద జనరేటర్. దాని చుట్టూ జాలీ, జాలీకి తాళం. దాని పొగ గొట్టం నేలరేకులో కోసిన కంతలోంచి కిందికి దిగింది.

"ఇదేంది, ఈడ పెట్టినారు?"

"మరి యాడ పెట్టల్ల?" అన్నాడు మౌలా సాహెబ్. "పోయిన ఏడు పగిడ్యాల పెండ్లిలో బయట పెడితే తెల్లారేసరికి లేదు. ఇప్పుడు ఎత్తకపొమ్మను చూద్దాం. ముందు నిన్ను లేపల్ల, తర్వాత మంచం లేపల్ల."

"పొగ?"

"గొట్టం బయటికే ఉండాది గదా. రేయ్ నవాజ్, స్టార్ట్ చెయ్యి, మీ అమ్మీకి చూపించు."

కొడుకు నవాజ్ తాడు లాగాడు. లారీ నడిపేది అతనే. రంగుల లైట్లూ, మెరవణి పాటలూ కూడా అతని శాఖే. జనరేటర్ గురక పెట్టింది. ఖైరున్నీసా కింద మంచం వణికింది. తండ్రీ కొడుకులు ఇద్దరూ లారీ కిందికి వంగి, పైకి చూసి, రూమంతా కలియజూశారు.

"పొగ కనపడతాందా అమ్మీ?"

"కనపడలే."

"వాసన?"

"లేదు."

"ఇంగేమి?" అని మౌలా సాహెబ్ క్యారియర్ మూత తీశాడు.

ఆమె పొయ్యి మీద పండుకున్నట్టు ఉంటుంది అనబోయి, గుత్తివంకాయ వాసనకు ముగ్గురు మగవాళ్లూ గట్టు చుట్టూ చేరడం చూసి ఊరుకుంది. ఎంత ముచ్చటపడి కట్టించుకున్నాడో ఆమెకు తెలుసు. మొదటి రోజే వంక పెట్టడం దేనికి అనుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆళ్లగడ్డకు బయల్దేరారు. ఆదినారాయణ అని అక్కడ పెద్ద రైతు. ఆయన కొడుకు ప్రదీప్ పెండ్లి. మొదటి సాయంత్రం పెండ్లికూతురిని రథంలో ఎదురుకోవాలి, రెండో సాయంత్రం పెండ్లికొడుకు గుర్రం మీద మెరవణి పోవాలి. చాందిని లాగే రథం వెనక ట్రాలీలో వస్తోంది. ఖైరున్నీసా ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. శిరివెళ్ల దాటాక నల్లమల కొండలు ఎండకు బూడిద రంగుగా కనిపించాయి. ఆళ్లగడ్డ చేరువయ్యే కొద్దీ రోడ్డు పక్కన శిల్పుల పందిళ్లు. ముక్కు చెక్కి కండ్లు చెక్కని అమ్మవార్లు, తొండం వరకే తేలిన వినాయకులు వరసగా నిలబడి ఉన్నారు. వెనక చాందిని కిటికీలోంచి తల బయట పెట్టి వాళ్లందరినీ చూసుకుంటూ వచ్చింది. బడిపిల్లలు చేతులూపారు. వాళ్లు తనకే ఊపుతున్నారన్నంత గంభీరంగా మౌలా సాహెబ్ తలాడించాడు.

కల్యాణ మండపం దగ్గర మేనేజరు ప్రేమ్ సాగర్ ఎదురొచ్చాడు. మెడలో బిళ్ల, చేతిలో రెండు ఫోన్లు. మనిషి మర్యాదస్తుడే, కానీ తొందర మనిషి. లారీని మండపం వెనక్కి తీసుకుపోయి, వంటశాల గోడకూ ప్రహరీగోడకూ నడుమనున్న సందులో పెట్టించాడు.

"ఈడైతే జనరేటర్ చప్పుడు పెండ్లోళ్లకు వినపడదు. ఇంకోమాట సాయిబూ, ఈ పక్క కిటికీ మూసిపెట్టుకోండి. అందరూ భోజనాలకు ఇట్లనే పోతారు. మీ కాపురం, మీ బట్టలు అన్నీ కనపడతాండాయి."

"కరెంటు రవ్వంత ఇస్తే జనరేటర్ వేసే పనే లేదు గదన్నా," అంది ఖైరున్నీసా.

"మండపం కరెంటు బయటోళ్లకు ఇచ్చేకి లేదమ్మా. రూలు," అని అతను ఫోను చెవికి పెట్టుకొని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి రేకులు కాలిపోయాయి. చాందినికి ఫ్యాను కావాలని నవాజ్ జనరేటర్ వేశాడు. తండ్రీ కొడుకులు రథానికి లైట్లు కట్టడానికి పోయారు. ఖైరున్నీసా అంట్లు తోముకొని, మూసిన కిటికీ కింద, ఫ్యాను గాలికి, మంచం మీద నడుము వాల్చింది. మంచం కింద గురక సమంగా సాగుతోంది. జోలపాటలాగే ఉంది. కన్ను మూతపడింది.

మెలకువ వచ్చేసరికి కణతల్లో ఎవరో తిరగలి విసురుతున్నట్టుంది. లేవబోతే మోకాళ్లు మాట వినలేదు. ఎదురుగా తలుపు గొళ్లెం కనపడుతోంది గానీ చెయ్యి దాని దాకా పోవడానికి బద్ధకిస్తోంది. పండుకుందాం, ఇంకొంచెంసేపు పండుకుందాం అని ఒళ్లంతా చెబుతోంది. ఇట్లాంటి బద్ధకం తనది కాదని ఆమెకు ఎక్కడో లోపల అనిపించింది. గోడ పట్టుకొని, గొళ్లెం తీసి, మెట్టు మీద కూలబడింది. కూర్చున్నచోటే వంగి ఇసుకలో కక్కింది.

నీళ్ల బకెట్ తీసుకుపోతున్న నవాజ్ చూసి పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే మౌలా సాహెబ్ వచ్చాడు.

"ఎండ కొట్టింది," అన్నాడు మౌలా సాహెబ్. "రేయ్, మజ్జిగ తేపో."

"కొత్త పెయింటు వాసన పడలేదేమో అబ్బా," అన్నాడు నవాజ్.

అటుగా పోతున్న వంటమనిషి ఆగి, లారీలో తలుపుల పక్క కూర్చుంటే కొందరికి పడదు అన్నాడు.

"నాకు ఆ జనరేటర్ మీదనే అనుమానం," అంది ఖైరున్నీసా నెమ్మదిగా.

"పొగ వాసన వచ్చిందా?"

"రాలే."

"మరి? ఆ ఫ్యాను గూడా లేకుంటే ఈ ఎండకు ఏమై ఉందువో. మజ్జిగ తాగి రవ్వంతసేపు నీడలో కూచో," అని మౌలా సాహెబ్ ఆమె తల మీద చెయ్యి పెట్టి చూసి, జ్వరం లేదని తేల్చుకొని, రథం దగ్గరికి పోయాడు. ప్రేమ లేక కాదు. పెండ్లికూతురు వచ్చే వేళయింది.

నీడలో కూర్చున్న కాసేపటికి తలలో తిరగలి ఆగింది. సాయంత్రం రథం పని బాగా జరిగింది. రాత్రి జనరేటర్ ఆపేశారు. ఆమె అదే మంచం మీద, అదే పెయింటు వాసనలో హాయిగా నిద్రపోయి, తెల్లవారి తేలికగా లేచింది. లేచి, మంచం కింద నోరు మూసుకొని కూర్చున్న ఆ పెట్టె వైపు చాలాసేపు చూసింది.

రెండోరోజు మధ్యాహ్నం మళ్లీ జనరేటర్ వేశారు. ఆమె టీ పెట్టుకోవడానికి రూములోకి పోయింది. నీళ్లు మరిగే లోపలే కణతలు బరువెక్కాయి. ఈసారి ఆమె ఆగలేదు. పొయ్యి ఆర్పి, చెప్పులు కూడా వెతుక్కోకుండా బయటికి వచ్చేసింది.

మౌలా సాహెబ్ ప్రహరీ నీడలో జీను తుడుస్తున్నాడు. తోలు మీద కొబ్బరినూనె గుడ్డతో గుండ్రంగా రుద్దుతున్నాడు. ఇత్తడి బిళ్లలు మెరుస్తున్నాయి.

"నవాజ్ అబ్బా," అని కొడుకు పేరుతో మొగుణ్ణి పిలిచింది. "ఆ జనరేటర్ ఆపు. లోపలికి పోతే నాకు తలనొప్పి వస్తాండాది."

"సాయంత్రం మెరవణి పెట్టుకొని ఆపితే ఎట్లనే? చాందినికి ఫ్యాను వద్దా? నీకు కాకుంటే ఈడ కూచో, గాలి వస్తాది."

"నేనెప్పుడూ బయటనే కూచునేకైతే ఆ రూము ఎందుకు కట్టించినావు?"

"ఇంకో వారం పోతే అలవాటైపోతాదిలే," అని అతను బిళ్ల మీద ఊది మళ్లీ రుద్దాడు.

ఖైరున్నీసా లారీ వెనక్కి పోయింది. దించిన తలుపు మీదుగా బయటి గాలి, పెద్ద కిటికీలోంచి ఇంకో గాలి. చాందిని రెండింటి నడుమా నిలబడి ఉలవలు నములుతోంది. ఖైరున్నీసాను చూసి, చెవి వెనక గోకమని తల కిందికి వాల్చి, కండ్లు మూసుకుంది. ఆమె గోకింది. గోకుతూ గోకుతూ ఉండగా ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనకు మొదట తనకే సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకొని, నవ్వంతా తుడిచేసి, మళ్లీ ప్రహరీ నీడకు వచ్చింది. అప్పటికి అక్కడ ఆదినారాయణ కూడా ఉన్నాడు. మెరవణి దారి చెప్పడానికి వచ్చి మౌలా సాహెబ్ పక్కన తిన్నె మీద కూర్చున్నాడు.

"చాందినికి తలనొప్పి," అంది ఖైరున్నీసా.

మౌలా సాహెబ్ చేతిలో గుడ్డ జారిపోయింది. "ఏందీ?"

"తల వాల్చేసింది. కండ్లు మూస్తాండాది. మోకాళ్లలో సత్తువ లేదు. నిన్న కక్కుకునింది గూడా."

మౌలా సాహెబ్ అప్పటికే పరుగెత్తుతున్నాడు. ఆదినారాయణ లేచి పంచె ఎగ్గట్టి ఫోను తీశాడు. ఊరంతా ఎదురుచూస్తున్న మెరవణి. పెండ్లికొడుకును గుర్రమెక్కిస్తానని కోడలి తరఫు వాళ్లకు మాటిచ్చాడు. "డాక్టరమ్మా, పశువుల ఆస్పత్రిలోనే ఉండావా? బేగా రావల్ల తల్లీ. గుర్రానికి బాగలేదు," అంటూ గట్టిగా అరిచాడు.

తర్వాత జరిగినదంతా ఖైరున్నీసా కొంగు బిగించి నిలబడి చూసింది.

"ముందు ఆ జనరేటర్ ఆపురా," అన్నాడు మౌలా సాహెబ్. "దాని పక్కన ఎట్ల నిలబడతాది పాపం." నవాజ్ ఆపాడు. "కిటికీలన్నీ తీయండి," అన్నాడు. ప్రేమ్ సాగర్ స్వయంగా వచ్చి, మూసిపెట్టుకోమన్న కిటికీని చేత్తో బాది తెరిచాడు. గాలాడని సందులో పెట్టింది ఎవరని ఆదినారాయణ అడిగితే, ప్రేమ్ సాగర్ ఫోను చెవికి పెట్టుకున్నాడు. లారీని వెనక ఖాళీ స్థలంలోకి, కానుగ చెట్ల కిందికి తోలించారు. మండపంలోంచి కరెంటు వైరు వచ్చింది. గుర్రానికి ఇంకో నిలువు ఫ్యాను వచ్చింది. వంటశాల నుంచి బెల్లం వచ్చింది. నిన్న తనకు ఒక గ్లాసు మజ్జిగ వచ్చింది. ఖైరున్నీసాకు కోపం రావాల్సింది. చాందిని నోటి నిండా బెల్లం పెట్టుకొని ఇంతమంది ఎందుకు వచ్చారా అని చూస్తుంటే కోపం ఎటో పోయింది.

డాక్టర్ అనిత స్కూటీ మీద వచ్చింది. ముప్పై ఏండ్ల మనిషి, మాట తక్కువ. చాందిని చిగుళ్లు చూసింది, గుండె విన్నది, కాళ్లు ఎత్తి చూసింది. చాందిని ఆమె మెడలోని స్టెతస్కోపు రబ్బరు నమలబోయింది.

"ఆకలి బాగుంది. ఏమైందని చెప్పినారు?"

"ఆమె చూసింది డాక్టరమ్మా," అని మౌలా సాహెబ్ భార్యను ముందుకు తోశాడు.

మళ్లీ అదే వరస చెప్పింది ఖైరున్నీసా. తల వాల్చడం, కండ్లు మూయడం, మోకాళ్లు. చివర, కక్కడం.

అనిత పెన్ను మూత పెట్టేసింది. "కక్కిందా? నువ్వు చూసినావా?"

"చూసినా."

"యాడ కక్కింది?"

ఖైరున్నీసా తడుముకుంది. "ఆ సందులో. మెట్టు పక్కన."

"గుర్రం మనుషుల రూము మెట్టు దగ్గరికి ఎట్ల వచ్చింది?"

అనిత ఆమెను పక్కకు పిలిచింది. చెట్టు చాటున గొంతు తగ్గించి, "గుర్రాలు కక్కవమ్మా. లోపలికి పోయింది మళ్లీ నోటికి రానివ్వదు వాటి గొంతు. తలనొప్పి ఎవరికి?" అంది.

"నాకు."

"నీకైతే గుర్రానికని ఎందుకు చెప్పినావు?"

"దానికి చెప్పేకి నోరు లేదు. నాకు నోరుండాది గానీ చెప్తే వినలేదు. అందుకని ఇద్దరం కలిస్తిమి."

అనిత నవ్వలేదు. ఎప్పటి నుంచి, ఎక్కడ ఉన్నప్పుడు, బయటికొస్తే తగ్గుతోందా అని వరసగా అడిగింది. ఆ తర్వాత చెప్పులు విడిచి రూములోకి ఎక్కింది. మంచం కింద జనరేటర్ చూసింది. నేలరేకులో గొట్టం దిగిన కంత, గొట్టం కంటే వెడల్పుగా ఉంది. ఆ కంతలో వేలు పెట్టి తీసింది. వేలికి మసి. మంచం అడుగు చెక్కను తుడిచి చూసింది. మసి. నిన్న గాలాడని సందులో, ఈ కిటికీ మూసుకొని పండుకున్నానని ఖైరున్నీసా చెప్పింది. అనిత ఆమె వైపు తిరిగింది.

"నిన్న నీకు మెలకువ ఎట్ల వచ్చింది?"

"ఏమో డాక్టరమ్మా. వచ్చింది."

"రాకుంటే ఇంగ వచ్చేది కాదు. దీనికి వాసన ఉండదు, రంగు ఉండదు. ఇంజను పొగలో ఉండే విషవాయువు. మూసిన రూములో నిద్రలో పీలిస్తే మనిషి నిద్రలోనే పోతాది. ఎంతమంది అట్ల పోయినారో."

ఖైరున్నీసా చెయ్యి తనంతట తనే తలుపు పట్టీని పట్టుకుంది. నిన్నటి బద్ధకం గుర్తొచ్చింది. ఇంకొంచెంసేపు పండుకుందాం అన్న ఆ మెత్తని మాట ఎవరిదో ఇప్పుడు తెలిసింది.

బయట కానుగ నీడలో అందరూ ఎదురుచూస్తున్నారు.

"గుర్రం బాగుంది," అంది అనిత. "దానికేమీ లేదు."

"అల్హందులిల్లా," అని మౌలా సాహెబ్ రెండు చేతులూ మొహానికి రాసుకున్నాడు.

"మనిషికే బాగలేదు. తల వాల్చింది, కండ్లు మూసింది, కక్కింది అంతా ఈమె. మీరు మంచం కింద పెట్టిన ఆ జనరేటర్ పొగకు. గుర్రం కిటికీ పెద్దది, వెనక తలుపు తీసుండాది, కాబట్టి అది బతికిపోయింది." అని, అతని వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది. "ఎన్నేండ్ల నుంచి గుర్రాలు పెంచుతాండావు సాయిబూ? ఎప్పుడన్నా గుర్రం కక్కడం చూసినావా?"

మౌలా సాహెబ్ చెట్టు మొదట్లో కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు గానీ ఆదినారాయణ చూసిన చూపుకు ఆగిపోయారు.

"నిన్ననే చెప్పింది నాకు," అన్నాడు మౌలా సాహెబ్, ఎవరితోనో కాదు, నేలతో. "ఈ పొద్దు గూడా చెప్పింది."

తలనొప్పి తగ్గినా రక్తంలో ఎంత విషముందో చూపించుకోవాలని, ఇప్పుడే ఆస్పత్రికి పొమ్మని అనిత పట్టుబట్టింది. ఆదినారాయణ తన కారిచ్చి పంపాడు. ఆస్పత్రిలో ఖైరున్నీసా మొహానికి ఆక్సిజన్ మాస్కు పెట్టి పడుకోబెట్టారు. మౌలా సాహెబ్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఉలవల సంచి అతని భుజానికే వేలాడుతోంది. తీసి పెట్టాలన్న ధ్యాస కూడా లేదు. నర్సు రెండుసార్లు ఆ సంచి తట్టుకొని నడిచింది.

అతను ఆమె కాలివేళ్ల దగ్గర దుప్పటి సర్దాడు. మళ్లీ సర్దాడు. చివరికి, "గుర్రం కక్కిందంటే నేనెట్ల నమ్మితినే?" అన్నాడు.

ఆమె మాస్కులోపలే నవ్వింది. మాస్కంతా తెల్లగా ఆవిరి పట్టింది.

"నవ్వొద్దు. ఊపిరి పీల్చు," అన్నాడతను. కొంచెం ఆగి, "నిన్న నిన్ను లేపేకి నేను ఆడ లేను," అన్నాడు. ఆమె చెయ్యి చాపి సంచి అతని భుజం మీద నుంచి దించింది.

పొద్దు వాలకముందే డాక్టరు పంపించేశాడు. మెరవణి అనుకున్న వేళకే కదిలింది. ఈ సాయంత్రం రథం పని లేదు కాబట్టి జనరేటర్‌ను తోపుడు బండి మీద పెట్టి, లైట్ల వెనక దూరంగా నడిపించారు. చాందిని డప్పుల దరువుకు కాళ్లు ఎత్తి ఎత్తి వేస్తుంటే పెండ్లికొడుకు ప్రదీప్ నవ్వు మొహంతోనే జీను గట్టిగా పట్టుకున్నాడు. ఖైరున్నీసాను మాత్రం ఎవరూ నడవనివ్వలేదు. ఆదినారాయణ భార్య కమలాక్షమ్మ ఆమెను మండపంలో, ఆడపెండ్లోళ్ల నడుమ, ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఏమ్మా, గుర్రమంట నువ్వు?"

"ఒక మధ్యాహ్నం మాత్రమే అక్కా."

ఆడవాళ్లందరూ నవ్వారు. కమలాక్షమ్మ నవ్వుతూనే ఆమె చేతిలో పాయసం గిన్నె పెట్టి, "మా ఇంట్లో నా మాట వినకుంటే ఇంగ బర్రెకు బాగలేదని చెప్తా," అంది. ఇంకొకామె తనకు ట్రాక్టరు చాలునంది. ప్రేమ్ సాగర్ దూరం నుంచి చూసి, ఫోను జేబులో పెట్టుకొని వచ్చి, కిటికీ విషయం తనకు తెలియక చెప్పానన్నాడు. ఆమె అతనికి కూడా ఒక గిన్నె ఇప్పించమంది.

నంద్యాలకు తిరిగొచ్చిన రోజే లారీ ఫ్రాన్సిస్ షెడ్డు ముందు ఆగింది. విషయం అంతా విని ఫ్రాన్సిస్ తల గోక్కున్నాడు. కంత కోసింది తన చేత్తోనే. "ఇప్పుడు యాడ పెడదామన్నా?" అని మౌలా సాహెబ్‌ను అడిగాడు.

మౌలా సాహెబ్ తల తిప్పకుండానే అన్నాడు. "నన్నెందుకు అడుగుతావప్పా. ఆడ పండుకునేది ఆమె."

ఖైరున్నీసా సుద్దముక్క అడిగి తీసుకుంది. మంచం కింద కంత చుట్టూ గుండ్రంగా గీసి, రేకు పెట్టి మూసేయమంది. గోడ మీద తన కిటికీని గుర్రం కిటికీకి సమంగా గీసింది. ఎదురు గోడకు ఇంకోటి గీసింది. జనరేటర్‌కు లారీలో ఎక్కడా చోటు గీయలేదు.

"ఇంగ జనరేటర్, అక్కా?"

"దానికి చక్రాలు పెట్టు. పైన రేకు కప్పు పెట్టు. గొలుసు వేసేకి ఒక కొక్కెం పెట్టు. పొడుగాటి వైరియ్యి. యాడికి పోయినా దించి, గాలి అటు పోయే దిక్కున, దూరంగా పెట్టుకుంటాం. రాత్రి మేం నిద్రపోతే ఆపేస్తాం."

మౌలా సాహెబ్ ఆగలేకపోయాడు. "దొంగలెత్తకపోతే?"

"నువ్వుండావు గదా," అంది ఖైరున్నీసా.

ఫ్రాన్సిస్ మొహం పక్కకు తిప్పుకొని కొలతల టేపు లాగాడు.

ఆ వారమే చాగలమర్రిలో పెండ్లి. లారీని గోడ పక్కకు పెట్టమని అక్కడి వాచ్‌మన్ చెయ్యి ఊపితే, మౌలా సాహెబ్ దిగి, "ఉండప్పా, ఆమె చెప్పల్ల," అన్నాడు. ఖైరున్నీసా దిగింది. స్థలమంతా ఒకసారి నడిచింది. కొంగు చివర పట్టుకొని గాల్లో వదిలి, అది ఎగిరే దిక్కు చూసింది. లారీ ఇక్కడ, జనరేటర్ అదిగో ఆ గట్టు అవతల అని చూపించింది. నవాజ్ చక్రాల పెట్టెను లాక్కుంటూ, వెనక వైరు విప్పుకుంటూ పోయాడు. వాచ్‌మన్ ఆమెకు కుర్చీ తెచ్చి వేశాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. రెండు కిటికీలూ తీసి ఖైరున్నీసా మంచం మీద వాలింది. చాందిని గోడ అవతల తోక విసురుతున్న చప్పుడు వినిపిస్తోంది. జనరేటర్ మాత్రం ఎక్కడో దూరాన తుమ్మెదలా ఉంది. దానికి కాపలాగా మౌలా సాహెబ్ గట్టు ఇవతల తుమ్మచెట్టు కింద నులక మంచం వేయించుకొని, మొహం మీద తువ్వాలు కప్పుకున్నాడు.

కునుకు పడుతుండగా కిటికీ పరదా ఇటువైపు వాలేది అటువైపు వాలింది. ఆమె కండ్లు తెరిచింది. పరదా వైపు చూసింది. లేచి చెప్పులు వేసుకొని, ఎండలో నెత్తిన కొంగు కప్పుకొని, తుమ్మచెట్టు దాకా నడిచింది.

"నవాజ్ అబ్బా, లెయ్యి. గాలి మళ్లింది. పొగ లారీ దిక్కు రాదు గానీ నీ మీదికే వస్తాది. మంచం జరుపు."

మౌలా సాహెబ్ తువ్వాలు తీసి, కండ్లు చికిలించి గట్టు వైపు చూశాడు. పొగ కనపడలేదు. వాసనా లేదు. అతను లేచి, మంచం కోడు పట్టుకొని లాగాడు.

"ఈడనా?"

"ఇంకొంచెం."

"ఈడ?"

ఆమె కొంగు చివర గాల్లో వదిలి చూసింది. "ఆఁ, ఆడ. ఇంగ పండుకో."

అతను పండుకున్నాడు. ఆమె లారీ దగ్గరికి తిరిగి వచ్చి, మెట్టెక్కి, తన నిద్ర మిగతా సగం కోసం మంచం మీద వాలింది.